రెండో మాట రాలేదు

ఊపిరి ఆడుతోందా అని ఫోనులో గొంతు అడిగింది. ఆడుతోందని చెప్పాక ధరణి మళ్ళీ చూసింది, నిజంగా ఆడుతోందా, ఆడాలని తను అనుకోవడం వల్ల అలా కనబడుతోందా అని. జ్ఞానశేఖర్‌గారి ఊదారంగు స్వెట్టరు మీద మూడో బొత్తాం లేచింది, పడింది, కాస్త ఆగి మళ్ళీ లేచింది. ఆ బొత్తాం మీదే కళ్ళు పెట్టుకుని ఆమె సోఫా పక్కన తివాచీ మీద మోకాళ్ళూని కూర్చుని ఉంది. ఎనభై ఆరేళ్ళ మనిషి, సోఫాలో కుడివైపుకి ఒరిగిపోయాడు, పెదవి చివర కిందికి జారింది, కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో అన్నట్టు పడి ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఆమె మణికట్టు పట్టుకుని వదలడం లేదు. అంబులెన్స్ బయల్దేరిందని ఫోనులో ఆవిడ చెప్పింది, రోడ్లన్నీ గడ్డకట్టాయి కాబట్టి మామూలుకంటే ఆలస్యమవుతుందట, ఆయన్ని కదపొద్దట, నీళ్ళు కూడా తాగించొద్దట, తను లైన్లోనే ఉంటుందట. తొణకని గొంతు. బెదురులేని గొంతు వింటుంటే భయం తగ్గాలి కదా, తగ్గడం లేదు, ఎక్కడో వెచ్చటి గదిలో కూర్చుని ఉంటుంది ఆవిడ, ఆవిడ మణికట్టు ఎవరూ పట్టుకుని ఉండరు.

మీ వెనకాల ఎవరో మగాయన మాట్లాడుతున్నాడు, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది ఆ గొంతు. ఎవరూ లేరు, రేడియో, అన్నది ధరణి, కాదు, రేడియో కూడా కాదు, కేసెట్, చాలా పాతది, పందొమ్మిది వందల యాభై ఆరు నాటి లండన్ రేడియో. కొంచెం తగ్గించగలరా అంది ఫోను. తగ్గించాలంటే లేవాలి, లేవాలంటే ఆ చెయ్యి విడిపించుకోవాలి, ఒక వేలు విప్పబోయేసరికి ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి. “పోను అంకుల్, యాడికి పోను, ఈడనే ఉన్న,” అంది ధరణి. కేసెట్లో మాట్లాడే పెద్దాయన ఇవేమీ పట్టనట్టు తేనెటీగల గురించి చెప్పుకుపోతున్నాడు. చలికాలంలో తేనెటీగలు నిద్రపోవు, అన్నీ కలిసి బంతిలా ముద్దకడతాయి, లోపలివి వెచ్చగా ఉంటాయి, అంచున ఉన్నవి చలికి బిగుసుకుపోకముందే లోపలికి జరుగుతాయి, లోపలివి అంచుకి వస్తాయి. మధ్యలో చిన్నగా నవ్వాడు. ఇప్పటికి చచ్చిపోయి ఎన్నేళ్ళయి ఉంటుందో ఈయన, నవ్వు మాత్రం ఈ గదిలో ఉంది.

గురువారం కాబట్టి. గురువారం సాయంత్రం ఐదింటికి ఈ ఇంట్లో లండన్ రేడియో మోగాలి. మిగతా ఆరు రోజులూ, ఎప్పటిదో పాత టేపు నించి ఎక్కించిన ఆ కేసెట్ దాని డబ్బాలో ఉంటుంది. గోడ గడియారం ఐదు కొట్టగానే మీట నొక్కేది ఆయనే, ఇంకెవరూ ముట్టుకోకూడదు, మొదటివైపు అయిపోయాక తిరగేసే పని మాత్రం ధరణిది. ముందు నాటకం, తిరగేస్తే ప్రసంగం. మీట నొక్కగానే గరగర, తర్వాత కప్పూ సాసరూ తగిలిన చప్పుడు, ఎవరో ఆడమనిషి దగ్గు. ఆ దగ్గు మేం అద్దెకున్న ఇంటావిడదమ్మాయ్, అని మొదటి గురువారమే చెప్పాడు. లండన్‌లో కెమిస్ట్రీ చదివేటప్పుడు ఆయన అద్దెకున్న ఇంట్లో హాల్లో ఒకటే రేడియో, చిన్న బీరువా అంత. భోజనాలయ్యాక ఇంటావిడా, అద్దెకున్న ఐదుగురూ దాని చుట్టూ చేరి దీపం తగ్గించుకుని వినేవాళ్ళు, నాటకంలో తలుపు కిర్రుమంటే అందరూ కలిసి వీధి తలుపు వైపు చూసేవాళ్ళు. ఆ గురువారం మాత్రం అద్దెవాళ్ళు నలుగురే విన్నారు, ఐదోవాడు ఆయనే, ఆ నాటకంలో మాటలు చెప్పడానికి స్టూడియోలో మైకు ముందు నిలబడి ఉన్నాడు. మిగిలిన నలుగురిలో ఏలూరు రామమోహనరావు తమ కాలేజీ లేబొరేటరీ నించి టేపు మెషీను మోసుకొచ్చి ఆ సాయంత్రం అంతా ఎక్కించాడు, దగ్గుతో సహా, కప్పుతో సహా. లేకపోతే నా గొంతు గాల్లో కలిసిపోయేది, అనేవాడు జ్ఞానశేఖర్‌గారు. నిజంగా ఎవరో చనిపోబోయి బతికినట్టుగా అనేవాడు ఆ మాట.

నవ్వమనండి ఆయన్ని, అంది ఫోను. అంకుల్, ఒకసారి నవ్వుండ్రి, అంది ధరణి, ఇలాంటప్పుడు నవ్వమనడం ఎంత పాపంగా ఉందో. ఎడమవైపు పెదవి కదిలింది, కుడివైపు కదల్లేదు, సగం మొహం నవ్వింది, సగం వినలేదు. రెండు చేతులూ ఎత్తమనండి. ఎడమచెయ్యి ఆమె మణికట్టుతో సహా లేచింది. ఏదైనా ఒక మాట చెప్పమనండి, ఏదైనా సరే, ఆయనకి తెలిసిన మాట. ఆయనకి బాగా తెలిసిన మాట ఏమిటో ధరణికి తెలుసు. గంట వినబడటం లేదు సర్. చెప్పుండ్రి అంకుల్, మీ మాట, ఓడలో మాట, గంట. ఆయన నాలుక పళ్ళ మధ్యకి వచ్చి ఆగింది, గొంతులోంచి గాలి వచ్చింది, గాలి వెనక ఒక మూలుగు వచ్చింది, అంతే. కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. చెప్పలేకపోతున్నాడు అని ఫోనుకి చెప్పింది ధరణి. సరే, ఫరవాలేదు, మీరు బాగా చేస్తున్నారు, అంది ఆ గొంతు. మీరు బాగా చేస్తున్నారు.

బాగా చెయ్యలేదు కదా. ఆవిడకేం తెలుసు.

గాజు పగిలినట్టు బయట ఎక్కడో చెట్టుకొమ్మ విరిగింది. మధ్యాహ్నం నించీ వాన పడుతోంది, పడ్డది పడ్డట్టు గడ్డకడుతోంది, కొమ్మలకీ తీగలకీ మెట్లకీ అద్దం తొడిగినట్టు. కిటికీలోంచి కనబడే ఆకాశం కింది అంచున ఎర్రగా ఊగుతున్నది కెమికల్ ప్లాంటు మంట. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒక సోమవారం మధ్యాహ్నం ఊరంతా సైరన్ మోగితే ధరణి కాలేజీ గ్రంథాలయంలో బల్ల కిందికి దూరింది, ప్రతి సోమవారం పరీక్షకోసం మోగిస్తారని తెలియక. చుట్టూ ఎవరూ నవ్వలేదు, అదింకా సిగ్గనిపించింది. ఆ సంగతి చెబితే జ్ఞానశేఖర్‌గారు కూడా నవ్వలేదు, నేను ముప్పై ఏళ్ళు ఆ ప్లాంటులోనే పనిచేశానమ్మాయ్, పరీక్ష అని తెలిసీ ప్రతి సోమవారం ఒక్క క్షణం నా గుండె ఆగేది, అన్నాడు. జగిత్యాలలో అమ్మానాన్నలకి కెనడాలో ఈ సార్నియా ఊరంటే ఏమీ తెలియదు, టొరంటో పక్కనే అనుకుంటారు. ఆ ఏడు ఈ చిన్న ఊళ్ళోకి ఎక్కడెక్కడి పిల్లలో దిగారు, ఒక్కో బేస్‌మెంటులో ఎనిమిదిమంది, బస్సులు గంటకొకటి, కారు ఉన్నవాడే రాజు. ఆమె కాఫీ షాపు కౌంటర్లో నిలబడి, ఆగిపోయిన మిషన్‌ని చూస్తూ, ఈ మిషన్ నన్ను సంపుతది అని గొణిగితే, “నన్ను నిన్ననే చంపిందిలేమ్మా, టీ చల్లగా ఇచ్చింది,” అని కౌంటరు అవతలినించి తెలుగు వినబడింది. తలెత్తితే టోపీ, మఫ్లరు, వంగిన నడుము, మధ్యలో ఒక యువకుడి గొంతు. గొంతుకి మాత్రం వయసు రాలేదు ఆయనకి. తాతగారూ అనబోతే అంకుల్ అనమన్నాడు. భార్య కృపాబాయిగారు పోయి మూడేళ్ళు, కూతురు టీనా వాంకూవర్లో, మేడమీద గది ఖాళీ. సాయంత్రం వంట చేసి పెట్టు, నాకు మాత్రలు గుర్తుచెయ్యి, గది నీది, అన్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో, అదే ఈరోజు ఇంత బరువైంది.

స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి ఇరవై గంటలే పనిచెయ్యాలి. ఆ ఇరవయ్యీ కాఫీ షాపులోనే అయిపోతాయి. మరి సాయంత్రం పూట ఈ ఇంట్లో చేసేది పనా, కాదా. వంట చెయ్యడం పని అయితే ఆమె ఐదు నెలల నించీ తప్పు చేస్తోంది. పెద్దాయనకి తోడుగా ఉండటం పని కాకపోతే చెయ్యడం లేదు. ఎవరిని అడగాలి, అడిగితేనే పట్టుబడినట్టు కదా. వాట్సాప్ గ్రూపులో వారానికొకడు రాస్తాడు, ఎవర్నో పట్టుకున్నారట, సంకెళ్ళు వేశారట, ఎయిర్‌పోర్టు నించే పంపేశారట. ఎవరో ఎవరికీ తెలియదు, పేరు ఉండదు, ఊరు ఉండదు, అందుకే ఇంకా భయం, పేరు లేనివాడి స్థానంలో మన పేరు సులువుగా పడుతుంది. పోలీసు కారు పక్కనించి పోతే చేతులు జేబులో పెట్టుకోవడం అలవాటైంది. సంతకం చెయ్యమని ఎవరైనా కాగితం ఇస్తే అరచేతులు చల్లబడటం అలవాటైంది.

నాటకంలో ఓడ పొగమంచులో దారి తప్పుతుంది. తీరం దగ్గర రాళ్ళున్నాయి, రాళ్ళ దగ్గర నీటిమీద తేలే గంట ఉంది, గంట మోత ఏ వైపునుంచి వస్తే ఆ వైపు పోకూడదు. కెప్టెన్ తాగి ఉన్నాడు. కాపలాకి నిలబడ్డ ఇండియా నావికుడికి మూడే మూడు మాటలు. గంట వినబడటం లేదు సర్. ఎవరో పిలుస్తున్నారు సర్. ఇంక దేవుడే దిక్కు సర్. ఆ మూడు మాటలకి జ్ఞానశేఖర్‌గారిని ఐదుసార్లు పిలిపించారట. నాటకం చేయించే ఆయన మైకు ముందు నిలబెట్టి, నీ ఇంగ్లీషు మరీ శుభ్రంగా ఉంది, కాస్త విరిచి మాట్లాడు అన్నాడట. “మా నాన్న నరసాపురం మిషన్ స్కూల్లో మేష్టారు. ఇంగ్లీషు విరిస్తే బెత్తం విరిగేది. సరే విరిచాను. అప్పుడేమన్నాడో తెలుసా, ఇప్పుడు మాట బాగుంది కానీ అందులో భయం లేదోయ్ అన్నాడు. నీకు బాగా భయమేసిన రోజు తలుచుకో అన్నాడు. తలుచుకున్నాను. నాకు ఏడేళ్ళు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటుతున్నాం. తెల్లవారుజాము, పొగమంచు. పంటు ఇసక మేట ఎక్కి ఒరిగింది. అందరూ అరుస్తున్నారు. మా అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని కీర్తన పాడుతోంది. అరుపులకి నాకు భయమెయ్యలేదమ్మాయ్. పాడుతూ పాడుతూ మధ్యలో ఆపేసింది. అప్పుడేసింది.”

అప్పట్నించీ ధరణి ఆ నాటకాన్ని వేరుగా వింటోంది. ఓడ అంటే ఏమిటో, గాలి అంటే ఏమిటో ఆయనే చెప్పాడు, గాలి అంటే చెక్కచట్రం మీద తిప్పే గుడ్డ, అలలంటే డబ్బాలో బఠాణీలు, పొగమంచు మాత్రం ఏ చప్పుడూ కాదు, పొగమంచుని చూపించాలంటే అందరూ మాట్లాడటం తగ్గించాలి. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వింటుంటే చప్పుడు లేని చోటే ఒళ్ళు జలదరించేది. తర్వాత ఆయన మాట వచ్చేది. టేపులో గొంతుతో కలిపి, సోఫాలోంచి ఆయనా అనేవాడు, ఇరవై మూడేళ్ళ గొంతూ ఎనభై ఆరేళ్ళ గొంతూ ఒకే ఊపిరి మీద, ఒక్క అరసెకను కూడా తేడా లేకుండా. ఆ జంటగొంతు వినబడగానే ధరణి చేతిలో కత్తి మళ్ళీ కదిలేది.

ఈరోజు మొదటి మాట జంటగానే వచ్చింది. గంట వినబడటం లేదు సర్. అప్పుడు ఆమె పొయ్యి మీద పప్పు పెడుతోంది, పొయ్యి మీది గడియారంలో ఐదూ పన్నెండు. ఆ అంకెలు ఎందుకు చూసిందంటే కుక్కరు పెట్టినప్పుడు చూడటం అలవాటు. రెండో మాట వచ్చేసరికి ఒక్క గొంతే వినబడింది. ఇరవై మూడేళ్ళదే. ఎవరో పిలుస్తున్నారు సర్, అని ఆ కుర్రవాడు ఒంటరిగా అన్నాడు. ధరణి చెయ్యి ఆగింది. నోట్లో బిస్కట్టు ఉందేమో అనుకుంది. టీ తాగుతున్నాడేమో అనుకుంది. అనుకుంది కానీ ఆమె వీపుకి తెలిసింది, వీపంతా ఒక్కసారి చల్లబడింది. పదడుగులు వేస్తే హాలు. వెయ్యలేదు. వెళ్ళి చూస్తే ఏదో ఒకటి ఉంటుంది, చూడనంతసేపూ ఉండదు. ఆవాలు వేసింది, చిటపటలాడాయి, కరివేపాకు వేసింది, ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉంది. మూడో మాట కూడా ఒంటరిగానే వచ్చింది. టేపు అయిపోయి టక్కుమని ఆగింది. చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చి, సోఫా వైపు చూడకుండా ముందు కేసెట్ తిరగేసింది, మీట నొక్కింది, తేనెటీగల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు, అప్పుడు ఇంక చూడక తప్పలేదు. పది తక్కువ ఆరు.

సుగుణ ఆంటీ గుర్తొచ్చింది. ఎన్నేళ్ళయింది, పద్నాలుగేళ్ళు. జగిత్యాలలో పక్కింటి దాబా మీద ఇనప తీగకి బట్టలు ఆరేస్తూ సుగుణ ఆంటీ ఒక్కసారి బిగుసుకుపోయింది, చీర చెంగు గాలికి ఎగురుతోంది, మనిషి కదలడం లేదు, నోరు తెరుచుకుని ఉంది, అరుపు రావడం లేదు. తొమ్మిదేళ్ళ ధరణి ఆ మెట్లమీద నిలబడి చూస్తోంది. అరిస్తే చాలు, కింద ఐదారుగురు మగవాళ్ళున్నారు. అరవలేదు. ముందురోజు ఆ తీగ పట్టుకుని ఊగింది తనే కాబట్టి, అది జరిగి కరెంటు తీగకి తగలడం తన వల్లేనేమో అని, అడిగితే ఏం చెప్పాలో తెలియక, నోరు మూసుకుని నిలబడింది. ఎవరో కింద మెయిన్ ఆపారు. ఆంటీ బతికింది, కుడిచేతి మూడు వేళ్ళు వంకరపోయాయి. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆ వంకర వేళ్ళతోనే సకినాలు పెట్టేది, తిను బిడ్డా అనేది. ధరణి తినేది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే పోతుందనుకుంది. పోలేదు. సముద్రం దాటి ఈ వంటింటి దాకా వచ్చింది, ఆవాలు చిటపటలాడుతుంటే వెనక నిలబడింది.

ఈసారి కూడా ముందు అంబులెన్స్‌కి చెయ్యలేదు, అదీ అసలు సంగతి. స్పీకరు పెట్టి స్పందనకి చేసింది. కరీంనగర్‌లో కలిసి ఇంజినీరింగ్ చదివిన పిల్ల, ఇప్పుడు టొరంటో పక్క వాన్ అనే ఊళ్ళో వేర్‌హౌసులో డబ్బాలు సర్దుతోంది. “పక్షవాతం లెక్క ఉన్నది స్పందనా, మూతి పక్కకు పోయింది,” అంటే అవతల యంత్రాల రొదలోంచి స్పందన గొంతు, “ఫోన్ చెయ్యి అంబులెన్స్‌కి. చెయ్యొద్దని అంటలేను. కానీ ఆగు. నువ్వు ఇంట్లనే ఉన్నవని చెప్పకు. కాలేజీ నుంచి ఇప్పుడే వచ్చిన, తలుపు తీస్తే ఇట్ల ఉన్నడు అను. అంతే. పొద్దటి నుంచి చూడలేదు అను.”

“ఎందుకట్ల?”

“ఎందుకేంది. నువ్వు ఆయనను చూసుకునే మనిషివి. చూసుకునుడు పని. ఆయనకేమన్నా అయితే కూతురు అడుగుతది, పోలీసోళ్ళు అడుగుతరు, పర్మిట్ తీస్తరు. నువ్వు కిరాయికి ఉన్నవు, అంతే. జాకెట్ వేసుకో, బూట్లు వేసుకో, బయటికి పోయి మళ్ళ లోపలికి రా. అబద్ధం చెప్పినట్టు ఉండదు.”

స్పందన చెడ్డది కాదు. జ్వరమొస్తే టొరంటో అవతలినించి మూడు గంటలు బస్సులో వచ్చింది. భయపడ్డవాళ్ళు భయపడ్డవాళ్ళకి చెప్పే మాటలే చెప్పింది. ధరణి జాకెట్ వేసుకుంది. గుమ్మం దగ్గర కూర్చుని ఒక బూటు తొడుక్కుంది, లేసు కట్టింది. రెండోది చేతిలోకి తీసుకుంది. జ్ఞానశేఖర్‌గారి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఇటువైపే ఉన్నాయి, చూస్తున్నట్టు లేవు అని తనకి తను చెప్పుకుంది, కళ్ళు తెరిచి ఉన్నంత మాత్రాన చూస్తున్నట్టు కాదు. కేసెట్లో పెద్దాయన, తేనెపట్టు పూర్తిగా గడ్డకట్టిందని భ్రమపడి దాన్ని పారెయ్యకండి, చెవి ఆనించి వినండి అంటున్నాడు. ఎంతసేపు కూర్చుందో, బూటు చేతిలోనే ఉంది. తర్వాత దాన్ని కింద పెట్టింది, పెట్టి నంబరు నొక్కింది. ఆరూ ఐదు. పదిహేను నిమిషాలు. ధైర్యం వచ్చి నొక్కిందా అంటే కాదు, బయటికి పోవడం ఇంకా భయమేసింది, ఆ మెట్లు, ఆ మంచుగడ్డ, వెనక ఆయన.

కేసెట్ టక్కుమని ఆగింది. రెండోవైపూ అయిపోయింది. గది ఒక్కసారి ఎంత ఖాళీ అయిందో, గోడ గడియారం, వాన గాజుపెంకుల్లా రాలే చప్పుడు, ఆయన ఊపిరి. ఊపిరి మధ్యలో ఆగినట్టనిపించి ధరణి బొత్తాం వైపు వంగింది, లేచింది, లేచింది. ఇంకా ఉన్నారా అని ఫోను అడిగింది. ఉన్నాను. మాట్లాడుతూ ఉండండి ఆయనతో, వినబడుతుండవచ్చు. ఏం మాట్లాడాలి. బల్లమీద మాత్రల డబ్బా కనిపించింది, వారంలో ఏడు రోజులకీ ఏడు గళ్ళు, గురువారం గడి మూత తెరిచి లేదు. పొద్దున బస్సు తప్పిపోతుందని పరిగెత్తింది. గుర్తుచెయ్యలేదు. వేసుకోలేదు ఆయన. ఇదీ ఉందా, ఇదీ నాదేనా. కాలేజీ నుంచి ఇప్పుడే వచ్చిన, తలుపు తీస్తే ఇట్ల ఉన్నడు. కాలేజీ నుంచి ఇప్పుడే వచ్చిన. ఇంగ్లీషులో కూడా కూర్చుకుంది ఆ వాక్యాన్ని, ఎక్కడా తడబడకుండా, మైకు ముందు నిలబడేవాళ్ళు కూర్చుకున్నట్టు.

కిటికీ అద్దం మీద ఎర్రరంగు తిరిగింది. బూట్లకి ఇనప ముళ్ళు తొడుక్కున్న అంబులెన్స్ వాళ్ళు ఇద్దరు మెట్లమీద ఉప్పు జల్లుకుంటూ, గడియ వెయ్యని తలుపు తోసుకుని వచ్చారు, ఒక భారీ ఆడమనిషి, ఆవిడే పెద్ద, వెనక ఒక పొడుగాటి మగాయన. ఆవిడ జ్ఞానశేఖర్‌గారి ముందు వంగి కళ్ళలోకి లైటు వేసి, చేతులు పట్టి చూసి, తిరగకుండానే అడిగింది.

“ఈయన్ని ఆఖరిసారి మామూలుగా ఉండగా ఎప్పుడు చూశారు?”

ధరణి నోరు తెరిచింది. వాక్యం అక్కడే ఉంది, నాలుక చివర, తయారుగా.

“కచ్చితంగా ఎప్పుడు?” అంది ఆవిడ. “టైము మీదే ఉంది అంతా. పొద్దున చూశారా, ఇప్పుడు చూశారా?”

పొద్దున, అనబోయింది. ఆయన ఎడమచేతి వేళ్ళు మణికట్టు మీద కదిలాయి, బిగించాయో వదిలాయో తెలియలేదు. ఆవిడ ఇప్పుడు తలతిప్పి ధరణినే చూస్తోంది, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.

“ఐదూ పన్నెండు,” అంది ధరణి.

“ఎలా తెలుసు?”

“నేను ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లో. ఆయన టేపుతో కలిసి మూడుసార్లు మాట్లాడతారు. మొదటిసారి మాట్లాడారు, అప్పుడు ఐదూ పన్నెండు. రెండోసారి మాట్లాడలేదు. అది తొమ్మిది నిమిషాల తర్వాత. నాకు తెలిసింది. వెళ్ళి చూడలేదు. పది తక్కువ ఆరుకి చూశాను. ఆరూ ఐదుకి మీకు ఫోన్ చేశాను. మధ్యలో నా ఫ్రెండ్‌కి చేశాను. భయమేసింది. పొద్దున మాత్ర కూడా వేసుకోలేదు, నేను గుర్తుచెయ్యలేదు.”

గొంతు తనది కానట్టు ఉంది, ఎవరో పక్కగదిలో చదువుతున్నట్టు. ఇప్పుడు ఏదో జరుగుతుంది అనుకుంది, ఆవిడ జేబులోంచి ఏదో తీస్తుంది, పేరు అడుగుతుంది. ఆవిడ పెన్ను తీసి తన చేతి తొడుగు మీద ఐదూ పన్నెండు అని రాసుకుంది. అంతే రాసుకుంది. మాత్ర పేరు అడిగింది, తర్వాత, “రెండో బూటు వేసుకో, మాతో రా,” అంది.

ఆసుపత్రిలో జరిగింది ధరణికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పరదాలు, చక్రాల మంచం, ఎక్కడినుంచో తెరమీద మాట్లాడే డాక్టరు, ఐదూ పన్నెండు అని మీకు గట్టిగా తెలుసా అని ఆయన రెండుసార్లు అడగడం, తెలుసు అని రెండుసార్లు చెప్పడం. మెదడులో రక్తపు గడ్డని కరిగించే మందు ఒకటుంది, మనిషి ఆఖరిసారి మామూలుగా ఉన్నప్పటినుంచి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, పొద్దున చూశానని మీరు చెప్పి ఉంటే ఇవ్వగలిగేవాళ్ళం కాదు, అని అక్కడి నర్సు మామూలుగా, సూది సర్దుతూ చెప్పింది. ధరణి గోడకి ఆనుకుంది. వాంకూవర్ నించి టీనా ఫోనులో ఇంగ్లీషులోనే గబగబా అడిగింది, ఎప్పుడు, ఎలా, మాత్రలు. ధరణి దాచకుండా మళ్ళీ చెప్పింది, మాత్ర సంగతీ చెప్పింది. టీనా టికెట్ చూసుకుంటానని ఫోను పెట్టేసింది. శనివారం వచ్చాక కూడా ఆ విషయం ఎత్తలేదు, క్షమించినట్టూ చెప్పలేదు. పని గంటల గురించి ఏ కాగితమూ రాలేదు, ఎవరూ అడగలేదు, అయినా తలుపు చప్పుడైతే ధరణి మెడ ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం జ్ఞానశేఖర్‌గారికి మాట కొద్దికొద్దిగా మొదలైంది. ఇంగ్లీషు రాలేదు, డాక్టర్లు ఏమడిగినా మొహం చూస్తున్నాడు. వచ్చింది తెలుగు, అది కూడా ధరణి ఎన్నడూ ఆయన నోట వినని తెలుగు, నరసాపురం రేవులో పిల్లలు మాట్లాడుకునేది కాబోలు. టీనాకి అర్థం కాక ధరణి వైపు చూసి, కాఫీ తెస్తానని బయటికి వెళ్ళింది. ధరణి కుర్చీ దగ్గరికి లాక్కుంది. చెప్పాలని మూడు రోజులనించీ ఉంది.

“అంకుల్, ఆ రోజు మిమ్మల్ని చూసినంక కూడ, పదిహేను నిమిషాలు నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.”

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. “ఇన్నాను,” అన్నాడు.

“ఏంది అంకుల్?”

“ఇన్నాను. నీ... సేయితురాలి మాట. అంతా.” కాస్త ఆగాడు, నాలుక వెతుక్కున్నాడు. “బూటు... సూసేను.”

ధరణికి కుర్చీ మీద కూర్చున్న సంగతి తెలియలేదు. ఆ పదిహేను నిమిషాలూ ఆయన లోపల మేలుకునే ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు, కదలలేక, నోరు రాక, ఆమె లేసు కట్టుకోవడం చూస్తూ. క్షమించండి అనే మాటకి అంత బరువు మోసే బలం లేదనిపించి ఊరుకుంది. ఇప్పుడు చెప్పేస్తాడు, గది ఖాళీ చెయ్యమంటాడు, టీనాతో చెబుతాడు, చెప్పాలి కూడా. ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద పాకి పాకి వచ్చి ఆమె వేళ్ళ దగ్గర ఆగింది.

“నాకూ బయమేసిందే,” అన్నాడు. ఒక్కొక్క మాటకీ ఊపిరి తీసుకుంటూ అన్నాడు. “సచ్చిపోతానని... కాదు. నువ్వు... ఎల్లిపోతావేమోనని.”